ఉప్పు ఎక్కడ్నుంచి వస్తోంది?

మార్చి 3, సోమవారం

మా ఆవిణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. మెట్లెక్కనివ్వలేదు, లిఫ్టులోనే తెచ్చాను. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేస్తూ బతుకుతున్నాను గానీ, లిఫ్టు అనేది మనుషులకి ఇంత అవసరమని ఇవాళే తెలిసింది.

గుండె డాక్టరు చెప్పినవి మర్చిపోకముందే రాసుకుంటున్నాను. గుండె బలహీనపడింది. ఒంట్లోకి ఉప్పు ఎక్కువగా వెళ్తే నీరు ఆగిపోతుంది. ఆ నీరు ముందు పాదాల్లోకి దిగుతుంది, తర్వాత ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మొన్న ఆమె తను నడిపే స్కూలు బస్సు పక్కకి ఆపి, పిల్లల్నందర్నీ జాగ్రత్తగా దింపి, తను మాత్రం స్టీరింగు మీద వాలిపోవడానికి కారణం అదే. రోజూ పొద్దున్నే బరువు చూడాలి. ఉన్నట్టుండి పెరిగితే వెంటనే తీసుకురావాలి.

"ఉప్పు సంగతి మీ చేతుల్లో ఉంది. మిగతాది మేం చూసుకుంటాం," అంది డాక్టరమ్మ నా వైపు తిరిగి.

నా చేతుల్లో. వచ్చీ రాగానే ఉప్పు డబ్బా తీసుకెళ్లి చెత్తకుండీలో పడేశాను.

"డబ్బాతో సహానా? డబ్బా ఏం చేసిందండీ పాపం?" అంది మంచం మీంచి.

బస్సులో పిల్లల్ని అదిలించి అదిలించి ఆమెది పెద్ద గొంతు. ఇవాళ పక్కగదిలోంచి కూడా సరిగా వినపడలేదు.

మరదలు వచ్చింది. పక్కవీధిలో తన పార్లర్ మధ్యాహ్నం పూట ఖాళీగానే ఉంటుంది కాబట్టి, నేను పనిలోకి వెళ్లడం మొదలుపెట్టాక ఆ వేళప్పుడు తనొచ్చి అక్క దగ్గర కూర్చుంటానంది. దేవుడిలా వచ్చింది. మందులన్నీ గూట్లో వరసగా సర్దాను. గుండె మాత్రలు చిన్నవి, ఎలాగో మింగుతుంది. క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిపోయిన ఆ మోకాలికి పారాసిటమాల్ వేసుకోవచ్చన్నారు. పెద్ద మాత్ర ఆమెకి ఎప్పుడూ గొంతులో అడ్డం పడుతుంది. అందుకని నీళ్లలో వేస్తే కరిగిపోయే రకం కొన్నాను. పళ్లు, పాలు తెచ్చాను. దుప్పట్లు మార్చాను.

భయంగా ఉంది. ఎవరితోనూ అనలేను. అందుకే రాస్తున్నాను.

మార్చి 4

నాకు వంట రాదని నాకు తప్ప అందరికీ తెలుసు. ఇవాళ నాకూ తెలిసింది.

మార్చి 7

నా మతి పోయింది.

బ్రెడ్డు! పొద్దున్నే ఆమెకి రెండు ముక్కలు కాల్చి ఇస్తూ, ఊసుపోక ప్యాకెట్టు మీద చిన్న అక్షరాలు చదివాను. ఒక్క ముక్కలో ఉన్న సోడియం, అదే ఉప్పులో ఉండేది, ఆ పక్కన పడున్న చిన్న చిప్సు ప్యాకెట్లో ఉన్నంత ఉంది. రెండూ చెరో చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఒకటి నాలుక మీద పెడితే ఉప్పు, ఇంకోటి తియ్యగా, అమాయకంగా ఉంటుంది. లోపల ఇద్దరూ ఒకటే.

బేకరీకి పరిగెత్తాను. బేకరీ ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఉప్పు లేకుండా బ్రెడ్డేంటి సార్? ఉప్పు వేయకపోతే పిండి చెప్పిన మాట వినదు, ఇష్టమొచ్చినట్టు పొంగిపోతుంది."

"నా భార్య కాళ్లు కూడా అలాగే పొంగుతున్నాయి," అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఉప్పు వేయకుండా వేరేగా చేసిస్తానన్నాడు.

ఇంటికొచ్చి అలమారంతా కిందకి దింపాను. పొద్దున పాలల్లో వేసుకునే అటుకుల్లాంటివి, అందులో ఉంది. తీపి బిస్కెట్లలో ఉంది. టమాటా సాసులో ఉంది. కేకు పొడిలో వంటసోడా పేరుతో ఉంది. చీజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్నాళ్లూ నేను ఉప్పు డబ్బా ఒక్కటే ఉప్పనుకున్నాను.

"మీరు ఇల్లంతా సోదా చేస్తున్నారు," అంది ఆవిడ గోడ పట్టుకుని నిలబడి. "నేనేం దాచలేదు సార్, వదిలేయండి." నవ్వాం. చాన్నాళ్లకి.

మార్చి 9

బరువు తగ్గింది. చీలమండ ఎముక కనిపిస్తోంది. ముద్దొచ్చింది ఆ ఎముక.

మార్చి 12

పనిలోకి వెళ్లాను. పెద్ద అపార్టుమెంటు, కింది అంతస్తులో లిఫ్టు తలుపు పట్టేస్తోంది. రోలర్లు మార్చి పక్కకి చూస్తే, గోడవారన ఉప్పు బస్తాలు! ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. స్క్రూడ్రైవరు చేతిలోంచి జారిపోయింది.

"ఇవేంటండీ?" అని మేనేజర్ని అడిగాను.

"నీళ్లు మెత్తబరిచే మిషనుకి. బోరునీళ్లు గట్టివి కదా, ఉప్పు పొయ్యకపోతే పని చెయ్యదు."

"ఆ నీళ్లు జనం తాగుతారా?"

"తాగొద్దనే చెప్తాం. వినేవాళ్లు వింటారు. అయినా ఉప్పగా ఏం ఉండవు, కావాలంటే తాగి చూడండి."

నేను తాగి చూడలేదు. ఇంటికి ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది. "అక్కని మంచినీళ్లు తాగొద్దను! నేనొచ్చేదాకా తాగొద్దను!" అని అరిచాను.

"బావా, నువ్వు బాగానే ఉన్నావా?" అంది మరదలు.

సాయంత్రం మా బిల్డింగు కిందకి దిగి టార్చి వేసి మూలమూలా వెతికాను. మిషనూ లేదు, బస్తాలూ లేవు. పైకొచ్చి చెప్తే అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. నవ్వుకోనీ. నేను చూసింది వాళ్లు చూడలేదు.

మార్చి 15

బరువు పెరిగింది.

కాటా సరిగా లేదేమోనని నేనెక్కి చూశాను. నేనెప్పుడూ ఉన్నంతే ఉన్నాను. ఆమె మళ్లీ ఎక్కింది. మళ్లీ అంతే. చీలమండ దగ్గర వేలు పెట్టి నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది. ఆ గుంట వంక ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"రాత్రి కోడికూర ఎక్కువ తిన్నానేమో," అంది.

ఉప్పే వేయని కూర. కోసిపెట్టి ప్యాకెట్లలో అమ్మే మాంసం. అనుమానమొచ్చి కొట్టుకెళ్లి అడిగాను. మాంసం మెత్తగా, బరువుగా ఉండడానికి ఉప్పునీళ్లు ఎక్కిస్తారట! సూదులతో! బతికున్నప్పుడు కాదు, చచ్చాక. కొట్టతను పొద్దున టిఫిన్ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. 

డాక్టరుకి ఫోన్ చేశాం. నీరు పోయే మాత్ర ఒకటి పెంచమంది. "ఎక్కడో ఉప్పు వెళ్తోంది. చూసుకోండి," అంది.

చూసుకుంటూనే ఉన్నాను కదా.

మార్చి 17

మాంసం మానేశాం. బరువు దిగలేదు.

మార్చి 18

పని తొందరగా అయిపోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. తలుపు తీస్తుంటే లోపల నవ్వులు. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు. బల్ల మీద ప్లేటు ఖాళీగా ఉంది. అంచున చీజ్ తునకలు.

"ఎవరు తిన్నారు?"

"నేనే బావా," అంది మరదలు. "పొద్దుట్నుంచి పార్లర్లో ఊపిరి సలపలేదు. కొనుక్కొచ్చుకుని ఇక్కడ తిన్నాను."

"నువ్వే తిన్నావని నాకెలా తెలుసు?"

ఆ మాట అనాలని రాలేదు. అనేశాను. మరదలు అక్క వంక చూసింది, నా వంక చూసింది.

"అక్కని నేను చంపుకుంటానా బావా?"

"చంపుతున్నావనట్లేదు. జాలిపడి పెడుతున్నావంటున్నాను. ఆ జాలే చంపుతుంది."

"ఏమండీ!" అంది మా ఆవిడ. అది పాత గొంతు, బస్సు గొంతు. అన్నాక ఊపిరి అందక గుండెమీద చెయ్యి పెట్టుకుంది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాను మరదలితో.

ఆ పిల్ల ప్లేటు కడిగి, బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడుస్తుందనుకున్నాను.

మార్చి 19

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మార్చి 20

మా ఆవిడ మాట్లాడటం లేదు. అడిగినదానికి తలూపుతోంది. వండింది కెలికి వదిలేస్తోంది. తల పగిలిపోతోందని ఒక్కమాట అంది. మాత్ర కలిపిచ్చాను, బుస్సుమని పొంగింది. అదొక్కటి మాత్రం చుక్క మిగల్చకుండా తాగింది. అదైనా లోపలికి పోతోంది, అంతే చాలు. మధ్యాహ్నం ఒక్కతే ఉంటుంది కదా అని నీళ్లు, గ్లాసు, మందులు అన్నీ చేతికందేలా మంచం పక్కన పెట్టి వెళ్తున్నాను. నాకు చేతనైనంత చేస్తున్నాను.

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మార్చి 22

మరదలు రావట్లేదు. అయినా బరువు పెరిగింది.

మరదలు కాకపోతే మరెవరు? ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను పెట్టట్లేదు.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తలగడ కింద చూశాను. పరుపు ఎత్తి చూశాను. బట్టల బీరువా తీసి, బస్సు నడిపేటప్పుడు వేసుకునే కోటు జేబుల్లో చెయ్యి పెట్టాను. ఒక జేబులో పిల్లల స్టిక్కర్లు, ఇంకో జేబులో ఎవరిదో పాలపన్ను కాగితంలో చుట్టి ఉంది. బస్సులో ఊడిందేమో.

తలుపు దగ్గర చప్పుడయింది. తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది.

"ఏం దొరికింది?" అంది.

కోటు నా చేతుల్లోనే ఉంది.

"అక్కడ ఉండదులెండి. ఇక్కడ చూడండి." దగ్గరికొచ్చి, నా మొహం ముందు నోరు తెరిచింది. ఇంత పెద్దగా తెరిచి, నాలుక బయటపెట్టి, అలాగే నిలబడింది. రొప్పుతోంది. ఆ ఊపిరి నా మొహానికి తగులుతోంది. కళ్లు మాత్రం ఆర్పలేదు.

నేను కోటు మళ్లీ హేంగరుకి తగిలించాను.

ఇలాంటి మొండితనం చేస్తే ఎవరికైనా అనుమానం రాదా?

మార్చి 24

పొద్దున్నే కుర్చీలో కూర్చుని కనిపించింది. పడుకుంటే ఊపిరాడట్లేదంది. పెదాలు నీలంగా ఉన్నాయి. అంబులెన్సు.

లోపలికి తీసుకెళ్లారు. నన్ను రానివ్వలేదు.

మార్చి 25

ఇవాళ్టిది రాయబుద్ధి కావట్లేదు. అయినా రాయాలి.

ఊపిరితిత్తుల్లోంచి నీరు తగ్గుతోందట. గండం తప్పిందన్నారు. పొద్దున డాక్టరు పిలిచి, "ఇంట్లో ఆమె నోట్లోకి వెళ్లే ప్రతీదీ సంచిలో వేసుకుని తీసుకురండి," అంది. తెచ్చాను. ఆవిడ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. ఉప్పు లేని బ్రెడ్డు, ఉప్పు లేని వెన్న, నిమ్మకాయలు, మిరియాలు, పళ్లు.

"ఇంత బాగా చూసుకున్నవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు," అంది. నా ఛాతీ కాస్త పొంగింది. అది కూడా రాసుకోవాలి.

"ఇంతేనా?"

"ఇంతే. తన దగ్గరే ఏదో ఉండాలి డాక్టర్. దాచుకుని తింటోంది. నేనెంత వెతికినా దొరకలేదు."

డాక్టరు నా మొహం వంక చూసింది. "మందులు కూడా నోట్లోకే కదా వెళ్లేది. అవేవీ?"

జేబులోంచి తీసి పెట్టాను. గుండె మాత్రలు పక్కకి జరిపింది. గొట్టం చేతిలోకి తీసుకుంది. నీళ్లలో కరిగే మాత్రల గొట్టం. కళ్లద్దాలు పైకి నెట్టుకుని చదివింది.

"ఇది ఎవరు రాశారు?"

"మీరే. మోకాలి నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చన్నారు."

"అన్నాను. మింగే మాత్ర అనుకుని అన్నాను. ఏ రకం కొంటారో అడగాల్సింది, అడగలేదు." ఆవిడ గొంతు తగ్గింది. "ఇది నీళ్లలో వేస్తే బుస్సుమంటుందా?"

"అవును."

"ఆ బుస సోడాది. వంటసోడా ఉంటుందే, అదే సరుకు. అంతా సోడియమే. రోజుకి ఎన్ని వేస్తున్నారు?"

"పొద్దున రెండు. సాయంత్రం రెండు."

"రోజు మొత్తానికి ఆమెకి నేను చెప్పిన కోటా దాదాపు అంతా ఈ నాలుగు మాత్రల్లోనే అయిపోతుంది. మీరు వండి పెట్టిందంతా దానిపైన అదనం."

నాకు సరిగా వినపడలేదనుకున్నాను. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పింది. గొట్టం మీద చిన్న అక్షరాలు చూపించింది. బ్రెడ్డు ప్యాకెట్టు చదివాను. సాసు సీసా చదివాను. పిండి సంచి, పాల డబ్బా, పళ్లపొడి డబ్బా కూడా చదివాను. దీన్ని చదవలేదు. మందు కదా. మందుని ఎవరు అనుమానిస్తారు?

ఎవరు కలిపారు? నేను. చెంచాతో తిప్పి, పొంగు దిగేదాకా ఆగి, తలకింద చెయ్యి పెట్టి లేపి, ఎవరు తాగించారు? నేను.

డాక్టరు నీళ్లగ్లాసు నా ముందుకి జరిపింది. ఆ గ్లాసు ముట్టుకోలేకపోయాను.

మార్చి 26

మాట్లాడగలుగుతోంది. ముక్కుకి పెట్టిన గొట్టం తీసేశారు. చెప్పాను. డాక్టరు ఏమందో, సోడా ఏం చేస్తుందో, ఒక్కో మాత్రలో ఎంత ఉందో, అన్నీ వివరంగా చెప్పాను. దుప్పటి అంచు మడతలు పెడుతూ విన్నది.

"అయితే నేను కాదన్నమాట," అంది.

"కాదు."

"చెల్లెలూ కాదు."

"కాదు. మాత్ర. ఆ మాత్రదే అంతా."

కిటికీ వైపు తిరిగింది. "అదొక్కటే రుచిగా ఉండేదండీ," అంది. "పుల్లగా, ఉప్పగా, నాలుక మీద జివ్వుమనేది. మీరు వండినవన్నీ తడి కాగితం నమిలినట్టుండేవి. చెప్తే బాధపడతారని చెప్పలేదు. మధ్యాహ్నం మీరు లేనప్పుడు కూడా కలుపుకునేదాన్ని. చెల్లెలు రావడం మానేశాక ఇంకాస్త ఎక్కువ."

"ఎందుకు?"

"తలనొప్పి. మీరు నన్ను దొంగని చూసినట్టు చూస్తుంటే తల పగిలిపోయేది. తలనొప్పికి మాత్రే కదా వేసుకోవాలి."

 నేను అనుమానించే కొద్దీ ఆమెకి తలనొప్పి. తలనొప్పి వచ్చే కొద్దీ మాత్ర. మాత్ర వేసుకునే కొద్దీ బరువు. బరువు పెరిగే కొద్దీ నా అనుమానం. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ఏమైనా, అంతా చెప్పేశాను. మనసు తేలికపడింది.

మార్చి 29

పార్లర్‌కి వెళ్లాను. అలాంటిచోట అడుగుపెట్టడం మొదటిసారి. మరదలు ఒకావిడ తలకి రంగు వేస్తోంది. ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. బయటికి పిలుద్దామనుకున్నాను. అయితే, తిట్టింది తన అక్క ఎదురుగా. క్షమించమని పక్కకి పిలిచి అడగడమేంటి?

"తప్పు నాది," అన్నాను గుమ్మంలో నిలబడే. "నువ్వేం పెట్టలేదు. నేనే పెట్టాను, నీళ్లలో కలిపే మాత్రలో. నేను లేనప్పుడు అక్క కూడా తనే కలుపుకుని తాగేది. నాకు తెలీలేదు. నిన్ను అనరాని మాటన్నాను. క్షమించమ్మా."

రంగు బ్రష్షు ఆగింది. కుర్చీలో ఉన్నావిడ అద్దంలోంచి నన్ను చూస్తోంది.

"ఆస్పత్రిలో అక్కకి ఎలా ఉంది?" అంది మరదలు.

"ఎల్లుండి ఇంటికి పంపిస్తారట."

"వస్తాను. నీ కోసం కాదు బావా, ముందే చెప్తున్నాను." బ్రష్షు మళ్లీ కదిలింది. తర్వాత, అటు తిరిగే అంది. "రోజూ మీ వీధి మొగదాకా వచ్చేదాన్ని. నీ బండి ఉందో లేదో చూసేదాన్ని. లేకపోయినా పైకి వచ్చే ధైర్యం చాలేది కాదు. నేనొచ్చి ఉంటే అంతలా తాగడం నా కంటపడేదేమో."

 కుర్చీలో ఆవిడ, "రంగు చెవి మీద పడుతోందమ్మా," అంది.

మార్చి 31, సోమవారం

ఇల్లు చేరింది. కాళ్లు సన్నబడ్డాయి. మామూలు మాత్ర రెండు ముక్కలు చేసి, అరటిపండు ముక్కతో కలిపి మింగింది. అడ్డం పడలేదు. ఇంత సులువైన పని!

మధ్యాహ్నం మరదలు వచ్చింది. వంటింట్లో నన్ను పక్కకి నెట్టి, టమాటాలు బాగా వేయించి, వెల్లుల్లి నల్లబడేదాకా కాల్చి, నిమ్మకాయ పిండి ఏదో చేసింది. ముగ్గురం తిన్నాం. మా ఆవిడ రెండోసారి పెట్టించుకుంది. నా మొహం వాడిపోయిందేమో, "మీరూ నేర్చుకోండి," అంది మరదలు. మునుపు నన్ను 'నువ్వు' అనేది. ఇప్పుడు 'మీరు' అంటోంది. అర్థమైంది నాకు.

తను వెళ్లాక గిన్నెలు కడుగుతున్నాను. వెనకాల కుర్చీలో ఆవిడ.

"చెల్లెల్ని క్షమించమని అడిగారట, అందరి ఎదురుగా."

"అడిగాను."

"మంచి పని చేశారు." తన గ్లాసు నాకందించింది. "మరి నన్ను?"

కుళాయి కట్టేశాను. "నీకు ఆస్పత్రిలోనే చెప్పాను కదా."

"మాత్ర సంగతి చెప్పారు. మాత్రలో ఏముందో చెప్పారు. డాక్టరు ఏమందో చెప్పారు." గొంతు పెంచలేదు. "నా కోటు జేబులు వెతికిన సంగతి చెప్పలేదు. నేను నోరు తెరిచి నిలబడితే మీరు లోపలికి చూశారు. నిజంగానే చూశారు. ఆ సంగతి చెప్పలేదు."

చూశాను. అవును. ఆ క్షణంలో నేను కళ్లు తిప్పుకున్నాననే ఇన్నిరోజులూ అనుకుంటున్నాను. తిప్పుకోలేదు. నాలుక వెనకాల, పళ్ల సందుల్లో, ఏమైనా ఇరుక్కుని ఉందేమోనని చూశాను.

 ఎదురుగా నేలమీద కూర్చున్నాను, చేతులకి సబ్బు నురగ అలాగే ఉంది.

"నిన్ను నమ్మలేదు," అన్నాను. "ఊపిరాడక నువ్వు నా ముందు నిలబడి ఉంటే, నేను దొంగని వెతికాను. తప్పు చేశాను. క్షమించు."

సరే అనలేదు. ఏడవలేదు. 

"మళ్లీ అనండి," అంది.

మళ్లీ అన్నాను.